దూడ చప్పరించిన వేళ్లు

మంగళవారం, రాత్రి

పశువుల ఆసుపత్రిలో ట్రైనింగ్ అని చేరితే, ఇన్నాళ్లూ నాకు నేర్పింది తోక పట్టుకోవడమే. ఈరోజు ఈనుతున్న ఒక ఆవుకి దూడ కడుపులో అడ్డం తిరిగింది. తన చెయ్యి లావని డాక్టరు నన్ను పిలిచాడు. నేను చెయ్యి లోపల పెట్టగానే ఆవు ముక్కింది. నా చెయ్యి మోచేయి దాకా లోపలే బిగుసుకుపోయి ఎముక విరిగిపోతుందనిపించింది.

చెయ్యి వెనక్కి తీసుకోబోతుంటే, "లాగీకమ్మా, అదే వదుల్తాది," అన్నాడు ఆవుగల తాత.

అప్పుడే లోపల దూడ నా వేళ్లు చప్పరించింది. బతికే ఉంది.

నేను తల సరిచేసి కాళ్లు అందించగానే డాక్టరు నన్ను పక్కకి నెట్టి తనే దూడని బయటికి లాగాడు. తాత ఆయనకే దండం పెట్టాడు.

"రేపు బేగి రా. తోక పట్టడానికి మనిషి లేడు," అన్నాడు డాక్టరు.

ఇక మానేస్తానని ఆమదాలవలస బస్సులో ఒట్టు పెట్టుకున్నాను. ఇంటికొచ్చి వాచిన చేత్తో అన్నం కలుపుతుంటే, వేళ్లకి మళ్లీ ఆ నాలుక తగిలినట్టయింది.

ఛీ. రేపూ వెళ్తాను.