భూతద్దం ముట్టను

సోమవారం, ఉదయం 8:00
ఈ రోజు నుంచి భూతద్దం ముట్టను. బీరువాలో పెట్టి తాళం అమ్మాయి చేతికిచ్చేశాను. ఒట్టు!

అమ్మాయిది ప్రింటింగ్ షాపు. చిత్రకారుల బొమ్మలు మందపాటి నూలు కాగితం మీద అచ్చు వేస్తుంది. నేను సాయం. నేను వంక పెట్టని ప్రింటు లేదట.

"నాన్నా, ఆవగింజను పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్కంత ఉంటుంది ఈ సిరా చుక్క. నీకెందుకు దాని గొడవ? రెండు మూరల దూరంలో నిలబడి బొమ్మ చూడు."

సరే.

ఆదివారం మా ఆవిడకు అరవై నిండుతాయి. తనకు ఇరవై ఏళ్లున్నప్పటి ఫొటో ఒకటుంది, అరచేతిలో పట్టేంత. పెద్దది చేసి ఇస్తాను. నోటితో ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఇదైనా.

మంగళవారం, 10:00
మొదటి ప్రింటు. రెండు మూరల దూరం. భలే ఉంది! భూతద్దం గుర్తే రాలేదు. రెండుసార్లు వచ్చింది, అంతే.

బుధవారం
11:15 - అమ్మాయి బయటికెళ్లింది. కళ్లజోడు తీసి, దూరంగా పట్టుకుని చూశాను. కళ్లజోడు భూతద్దం కాదు కదా.
11:20 - బుగ్గ తెల్లగా ఉన్నచోట చుక్కలు ఎడంగా పడ్డాయి. ఇసక చల్లినట్టు!
11:40 - చుక్క సైజు అన్నిటికన్నా చిన్నది పెట్టాను. షీటుకు నలభై నిమిషాలు. పట్టనీ.

గురువారం
బీరువాకు రెండో తాళంచెవి ఉంది. ముందే తెలుసు. ఇది ఒట్టు తప్పడం కాదు, పని.
బుగ్గ నున్నగా ఉంది. శభాష్! కానీ కింది పెదవి కింద, ఎడమ పక్క, నల్లటి మచ్చ. మిషను పెద్ద చుక్క కక్కింది.
ఇంకో ప్రింటు. అక్కడే మచ్చ.
సిరా చిమ్మే హెడ్డు శుభ్రం చేశాను. అక్కడే!

శుక్రవారం
ప్రింట్లు ఏడు. మచ్చలు ఏడు.
మిషనుది కాదు తప్పు, పాత ఫొటోది. దుమ్ము. కంప్యూటర్లో మరకలు తుడవడం అమ్మాయి నేర్పింది. తుడిచేశాను. ఎనిమిదోది అద్దంలా వచ్చింది!

శనివారం
ఫ్రేము కట్టించాను. అమ్మాయికి చూపలేదు. చూపితే భూతద్దం సంగతి బయటపడుతుంది.

ఆదివారం
9:00 - మా ఆవిడ విప్పింది. చాలాసేపు చూసింది.
"ఎవరండీ ఈ పిల్ల?"
"నువ్వే."
"నేనా! మరి నా పుట్టుమచ్చ ఏదీ?"
అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
"ముప్పై ఎనిమిదేళ్లు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు. కంచంలోకి తప్ప నా మొహంలోకి చూస్తేనా!"
నిజమే. సిగ్గు. పెళ్లినాటి నుంచీ అంతే.
"అమ్మా, షాపు చిత్తుబుట్టలో నీ మొహాలు ఏడున్నాయి. ఏడింటికీ మచ్చ ఉంది," అంది అమ్మాయి. దానికి అన్నీ తెలుసు.
"పోయి తే."
తెచ్చింది. మా ఆవిడ మొదటి ప్రింటు తీసుకుంది. "ఇదే గోడకు."
"బుగ్గ మీద ఇసక ఉంది," అన్నాను.
"దూరం నుంచి చూడండి."

4:00 - కిటికీ పక్కన కూర్చుని పిలిచింది. భూతద్దం నా చేతిలో పెట్టి గడ్డం పైకెత్తింది.
"చూడండి. ఈసారి తుడిచేయకండి."
చూశాను. నలుపు కాదు, గోధుమరంగు. మధ్యలో ఒక తెల్ల వెంట్రుక.
చాలాసేపు చూశాను.

సోమవారం, ఉదయం 8:00
ఈ రోజు నుంచి భూతద్దం ముట్టను. ఒట్టు!
షాపులో.