డిస్కులకు కొబ్బరినూనె

మంగళవారం రాత్రి

ఒళ్ళు మండిపోతోంది. మా ఆయన పెరట్లోనే పాత జీపు ముందు చక్రాలు విప్పి, కొత్త బ్రేకు డిస్కులు వేశారు. బాగానే బిగించారు. కానీ ఉప్పుగాలికి తుప్పు పడుతుందని, కత్తిపీటకూ గేటు గొళ్ళేనికీ రాసినట్టే వాటికీ కొబ్బరినూనె రాశారు! సాయంత్రం ఆయన నడిపి చూస్తుంటే, మలుపులో బ్రేకు పట్టక జీపు కంచెను గుద్ది ఆగింది.

"నూనె రాత్తే బ్రేకెలా పడతాదండీ?" అని అరిచాను.

"ఏటే ఆ గోల? నాలుగుసార్లు తొక్కితే అదే పోద్ది" అని నవ్వారు.

పోదు. డిస్కును నొక్కి ఆపే బ్రేకు ప్యాడ్లు నూనె పీల్చేశాయి. రేపు అత్తయ్యను డయాలసిస్‌కు పలాస తీసుకెళ్ళాల్సింది ఆ జీపులోనే. నేను ఆటోకు చెప్పి వచ్చాను. ఆవిడేమో, "నా కొడుకు బిగించిన బండి, నాకేటి బయం? జీపులోనే ఎల్తాను" అంటున్నారు.

ఆయన మళ్ళీ నవ్వారు. జీపు తాళంచెవి నా కొంగున ముడేసి ఉంది. ఎవరడిగినా ఇవ్వను.