తడి ఆరని క్లోవర్

పెనుకొండ,
12 నవంబరు 2024

మిత్రుడు జయప్రకాష్‌కు,

దేవేంద్ర నమస్కారాలు. ఇక్కడ మా ఇంట్లో అందరమూ క్షేమం. మీ ఇంట్లోనూ అలాగే ఉండాలని కోరుకుంటున్నాను. సెలవు మీద లద్దాఖ్ నుంచి వచ్చి పది రోజులైంది. నువ్వు నా ఫోను ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

అక్కడ మన పశుగ్రాస క్షేత్రంలో, పదకొండు వేల అడుగుల ఎత్తున మనిద్దరం రాళ్ళేరి వేసిన గడ్డి మడులు బాగున్నాయి. మీ హిందూపురం కన్నడమోళ్ళు కుదురె మసాలె అంటారే, ఆ లూసర్న్ గడ్డి చలికాలమంతా మంచు కింద ఉండి మళ్ళీ చిగురించింది. ఈ ఏడు రెండు కోతలు వచ్చాయి. మూడాకుల క్లోవర్ గడ్డి మడిని మాత్రం దున్నేశారు. నిరుడు అందులో మేసి పక్క ఊరి డోల్మా అవ్వ ఆవులు మూడూ కడుపుబ్బి చచ్చిపోయాక ఎవరూ అటు పోవడం లేదు. తడి ఆరని క్లోవర్‌ను ఖాళీ కడుపుతో మేశాయి. నువ్వు ఒక ఆవు డొక్క మీద చెయ్యి పెట్టి "తప్పెట మాదిరి ఉండాది రా" అని ఏడ్చావు. రాత్రి గేటుకు తాళం వేయడం నీ వంతు కాబట్టి, ఆ వారమే నిన్ను పనిలోంచి తీసేశారు.

మొన్న ధర్మవరం స్టేషన్లో మీ అమ్మ నరసమ్మత్త కనబడింది. నువ్వు మిల్లులో మూటలు మోస్తున్నావని చెప్పింది. "పశువుల ఉసురు పోసుకున్నానని గొడ్ల పాకలోకే పోడప్పా. నువ్వు ఆడే ఉంటివి కదా, నిజంగా మావాడే గేటు మర్చిపోయినాడా?" అని అడిగింది.

"ఏమో అత్తా, నేను చూడలేదు" అన్నాను.

నా చేతిలో నాలుగు అరటిపండ్లు పెట్టి రైలెక్కింది. అవి తినలేకపోయాను.

ఆరోగ్యం చూసుకో.

నీ
దేవేంద్ర

తా.క. సంతకం పెట్టేదాకా అసలు మాట రాయలేదు. గేటుకు నువ్వు తాళం వేశావు జయా. పొద్దున్నే డోల్మా అవ్వ వచ్చి, ఆవులకు గడ్డి పరక లేదని చేతులు జోడించింది. ఆఫీసు గోడకున్న తాళంచెవి తీసుకుని నేనే గేటు తెరిచాను. ముందు ఎండుగడ్డి వేయాలని, తడి ఆరనివ్వాలని నాకు తెలుసు. ఒక్క పూటకేమవుతుందిలే అనుకున్నాను. నా ఉద్యోగం పర్మినెంట్ అయ్యే నెల అది, నోరు విప్పలేదు. మేలు చేయబోయిన మనిషినని ఆ అవ్వ కూడా నా పేరు చెప్పలేదు. ఎదురైతే ఇప్పటికీ దీవిస్తుంది.

ఇదంతా రాసి మన ఆఫీసరుకు ఈ పొద్దే పోస్టు చేశాను. ఆదివారం హిందూపురం వచ్చి మీ అమ్మకు చెబుతాను. నువ్వు గడప తొక్కనివ్వకపోతే వీధిలో నిలబడే చెబుతాను.