మీ గుసగుసకు కదిలిన గీత

సోమవారం మొదలుపెట్టి శుక్రవారానికి ముగించినది

గౌరవనీయులైన వదినగారికి,

మీ వియ్యపురాలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, మీ అన్నయ్యగారూ, నా గుండూ క్షేమం. అక్కడ మీరూ, మీ మోకాళ్ళూ, మీ మొండితనమూ క్షేమమేనని తలుస్తాను.

అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని నవ్వకండి. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా నా మాట వినడం లేదు. చేతికి వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి రోజూ కాస్త కాస్త రాయమంది. ఏం రాయనే అంటే, మీకు బాగా కోపం ఉన్న మనిషికి ఉత్తరం రాయండి ఆంటీ, చెయ్యి దానంతటదే కదులుతుంది అంది. ఎంత ఆలోచించినా మీరు తప్ప ఇంకెవరూ తట్టలేదు.

ముందు మన మనవరాలు పిడుగు కబురు చెప్తాను. దాని జుట్టు మెడ దాకా పెరిగింది. నేను రోజూ నూనె రాసి రెండు జడలు వేసిన జుట్టుని, నాతో మాటైనా చెప్పకుండా, ఆటల్లో కళ్ళలో పడుతోందని మీరు సెలూన్‌కి తీసుకెళ్ళి చెవుల మీదికి కత్తిరించి తెచ్చారు కదా. ఆ రోజు మెట్ల మీద మనిద్దరం పెట్టిన కేకలకి అన్ని అంతస్తుల వాళ్ళూ తలుపులు తీసుకుని బయటికొచ్చారు. అప్పట్నుంచీ మనకి మాటల్లేవు. ఆ తర్వాత నాకు మెదడులో నరం చిట్లడం, ఆపరేషన్ కోసం నా తల నున్నగా గొరిగేయడం మీకు తెలిసిందే. మొన్న పిడుగు నా ఒళ్ళో ఎక్కి కూర్చుని, గుండు మీద అరచెయ్యి పెట్టి చూసి, నానమ్మకి కూడా అమ్మమ్మే కత్తిరించిందా అని అడిగింది. ఔనని చెప్పాను. చెప్పకుండా ఉంటానా మరి? మీ అమ్మాయి పగలబడి నవ్వింది. మీ అల్లుడు మాత్రం, అమ్మా దానికి అలాంటివి నేర్పకు అని బుద్ధులు చెప్పాడు.

ఇక అసలు సంగతి. నేను కళ్ళు మూసుకుని పడున్నన్నాళ్ళూ మీరు రోజూ వచ్చారట. కళ్ళు తెరిచానని తెలిసిన రోజు నుంచి ముఖం చాటేశారు. పళ్ళు వస్తున్నాయి, మనిషి రావడం లేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. మోకాళ్ళ నొప్పులని మీ అమ్మాయితో కబురు పంపారు. పొద్దున్నే పార్కులో చేతులు ఊపుకుంటూ మీరు నడుస్తుంటే మీ అల్లుడు కళ్ళారా చూశాడు. నొప్పులున్నవాళ్ళు అలాగేనా నడిచేది? డ్రిల్లు టీచరుగా రిటైరైనా ఆ నడక పోలేదు.

ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. ఎలా తెలిసిందో చెప్తాను, వినండి.

ఆసుపత్రిలో ఒక పరిశోధన చేసే అమ్మాయి ఉంది. నేను గీతల డాక్టరమ్మ అని పిలుస్తాను. నా తల లోపలి ఒత్తిడి కొలవడానికి ఒక సన్నటి తీగ, రక్తపోటుకి మణికట్టులో ఒక గొట్టం, మెదడు తరంగాలకి నెత్తి నిండా బిళ్ళలు పెట్టారు కదా. అవన్నీ క్షణం తీరిక లేకుండా తెర మీద గీతలు గీస్తూనే ఉంటాయి. నర్సులు అప్పుడప్పుడూ అంకెలు రాసుకుంటారు. మిగతా గీతంతా ఎవరూ చూడకుండానే పోతుంది. ఆ పోయేదాన్ని పోనివ్వకుండా దాచిపెట్టి, వందల మంది రోగుల గీతలు చూపించి కంప్యూటర్‌కి నేర్పించి, దానిచేత వెతికించడమే ఈవిడ పని. కదలని మనిషి లోపల మెలకువ ఏమైనా మిగిలుందా అన్నది గీతల్లో పట్టుకోవాలని ఆవిడ తపన. నా గీతలు తీసుకోవడానికి మీ అన్నయ్యగారు అప్పుడే ఒప్పుకున్నారు. నేను లేచాక నన్నూ అడిగింది. నిక్షేపంగా తీసుకో తల్లీ, నా తలలో ఏముందో నాకూ తెలుస్తుంది అన్నాను.

మొదట్లో కంప్యూటర్ ప్రతిదానికీ గగ్గోలు పెట్టిందట. నేను దగ్గితే ఇదిగో మెలకువ అందట. నర్సు మంచం తలవైపు ఎత్తితే అదిగో మెలకువ అందట. గొంతులో కఫం లాగినప్పుడైతే ఇక చెప్పనే అక్కర్లేదు. ఇవన్నీ ఒట్టివని దానికి ఓపిగ్గా నేర్పి, ఏరి పక్కన పెట్టించింది డాక్టరమ్మ. అన్నీ పోగా చివరికి ఒక్కటి మిగిలింది. దాదాపు రోజూ ఒకే వేళకి నా గుండె వేగం మారేది, మెదడు తరంగాలు మెలకువగా ఉన్నవాళ్ళ తరంగాల వైపు కాస్త జరిగేవి. కాసేపటికి మళ్ళీ సద్దుమణిగేవి.

ఆ వేళకి నా దగ్గర ఎవరున్నారో చూశారు. ఎవరొచ్చినా నర్సమ్మ ట్యాబ్‌లో ఒక బొమ్మ నొక్కాలని ఆ పరిశోధనలో నియమం. మీ అన్నయ్యగారికి మీసం బొమ్మ, మీ అల్లుడికి కళ్ళజోడు, మీకు ఈల! ఆ వేళకి ఎదురుగా ఉన్నది మీసం.

అంతే, ఇక మీ అన్నయ్యగారిని పట్టుకోలేకపోయాం. నా గొంతు వినే లేచింది అని అసలు మీసమే మెలేశారు. ఆయన నాకు రోజూ వినిపించినదేమిటనుకున్నారు? మన బిల్డింగ్ సంఘం మీటింగులో ఎవరేమన్నారో! నీళ్ళ ట్యాంకు, పార్కింగు, లిఫ్టు గోల. ఆ లిఫ్టు బాగుచేసే మనిషిని కూడా ఆపి, మా ఆవిడని మాటలతోనే లేపానయ్యా అని చెప్పుకున్నారు. నేనూ నమ్మాను. ముప్పై ఏళ్ళ కాపురం కదా, పోనీలే అని రెండు రోజులు ఆయనతో ముద్దుగా మాట్లాడాను కూడా.

వారం తిరగకుండానే డాక్టరమ్మ ఫోన్ చేసింది. మంచం ఎత్తామని నర్సులు రాసిన వేళకీ, గీత ఎగిరిన వేళకీ పొంతన కుదరక ఆవిడకి అనుమానం వచ్చిందట. వెళ్ళి చూస్తే, నా మంచం పక్క యంత్రంలోని గడియారం గంట వెనక ఉంది! ఇలాంటిది ముందే చూసుకోవాల్సిందండీ అని పాపం తెగ నొచ్చుకుంది. గడియారాలన్నీ సరిచేసి, బొమ్మలన్నీ మళ్ళీ పక్కన పెట్టి చూస్తే, మీ అన్నయ్యగారి వేళలో నా గీతలు సుఖంగా నిద్రపోతున్నాయట. ఎన్నిసార్లు చూసినా అంతేనట. లేచింది ఆ తర్వాతి గంటలో. ఆ గంటలో ఉన్నది ఈల.

మీ అన్నయ్యగారికి గాలి తీసినట్టయింది. రెండు రోజులు కాఫీ కూడా అడగలేదు. ఒక్క మనిషి గీతలతో ఏదీ రుజువు కాదండీ, ఇంకా ఎంతోమందివి చూడాలి అని డాక్టరమ్మ ఆయన్ని ఓదార్చింది. ఆవిడ మాట నిజమే కావచ్చు. కానీ నాకు మాత్రం మనసు ఆగలేదు.

నర్సమ్మని అడిగాను, ఆవిడ రోజూ వచ్చి ఏం మాట్లాడేదమ్మా అని. తెలీదండీ, కుర్చీ జరుపుకుని మీ ఎడమ చెవికి నోరు ఆనించి గుసగుసలాడేవారు, పక్క మంచం దాకా కూడా వినపడేది కాదు అంది. నేను నోరు వెళ్ళబెట్టాను. గుసగుసలా? మీరా? మైకు లేకుండా మైదానం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పిల్లల్ని నిలబెట్టిన మనిషి! ఇన్నేళ్ళ వియ్యంలో మీకు చిన్న గొంతు కూడా ఉందని నాకు తెలియనే తెలియదు.

ఇప్పుడు చెవి ఇటు పడేయండి వదినగారూ. నాకు అన్నీ గుర్తున్నాయి. మీరన్న ప్రతి మాటా. ఏం మాట్లాడారో తెలిస్తే పరిశోధనకి పనికొస్తుందని డాక్టరమ్మ అడుగుతోంది. నేను ఇంకా పెదవి విప్పలేదు. ఈ ఆదివారం సాయంత్రం లోపు మీరు మా గుమ్మంలో కనిపించకపోతే, మీ అమ్మాయి ముందూ అల్లుడి ముందూ మొదటి నుంచీ చివరి దాకా అప్పజెప్పేస్తాను. తర్వాత నన్ను అని లాభం లేదు.

ఇంకో మాట. ఇంట్లో అందరూ నన్ను గాజు బొమ్మని చూసుకున్నట్టు చూసుకుంటున్నారు. నేనేమన్నా సరే అంటారు. కూరలో ఉప్పు తక్కువైందంటే అవునంటారు, ఎక్కువైందన్నా అవునంటారు. నన్ను ఎదిరించి మాట్లాడే మనిషే లేదు. మీరు లేకపోతే ఇంత చప్పగా ఉంటుందని అనుకోలేదు. బెంగగా ఉంది.

మోకాళ్ళు జాగ్రత్త. లిఫ్టు పనిచేస్తోంది.

ఇట్లు,
మీతో మాటల్లేని మీ వియ్యపురాలు

తా.క.: ఉత్తరం మడిచి కవర్లో పెట్టాక మనసొప్పక మళ్ళీ తీశాను. పైన ఒక్కటి పచ్చి అబద్ధం రాశాను. నాకేమీ గుర్తులేదు. వంటింటి నేల చెంపకి చల్లగా తగలడం గుర్తుంది, ఆ తర్వాత గుర్తున్నది కళ్ళు తెరిచాక నర్సమ్మ ముఖమే. ఆ గీతలు చూసి, నేను సంతోషించానా మండిపడ్డానా చెప్పమని డాక్టరమ్మని బతిమాలాను. చెప్పలేనంది. కోపానికైనా ప్రేమకైనా గుండె పరిగెత్తుతుందట. యంత్రానికి చెవులు లేవు కాబట్టి మీ మాటలు ఎక్కడా లేవు, మీ దగ్గర తప్ప. నేను వినేశానేమోనని సిగ్గుపడి మీరు రావడం లేదు. విని ఉంటే ఎంత బాగుండేదో అని నేను ఏడుస్తున్నాను. తిట్టారో, ఏడ్చారో, జుట్టు సంగతే ఎత్తారో, నా తలకి తెలిసింది నాకు తెలియకపోతే ఎలా వదినా? మీ అన్నయ్యగారిని ఆ గంట పార్కుకి పంపేస్తాను. ఎడమ పక్కన కుర్చీ వేసి ఉంచుతాను. వచ్చి మళ్ళీ చెప్పండి. ఈసారి జవాబు చెప్తాను.