నాలుగు నాబ్‌లు, ఒక పాట

ఫిబ్రవరి 2, ఆదివారం
ఈ రోజు కూడా కూసింది. డాలీగంజ్ చర్చిలో ఆరాధన సగంలో ఉండగా గిటార్ స్పీకర్లో ఊళ వేసింది. ముందు చాపల మీద పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. పాస్టర్ గారికి రాలేదు.
"ఫెరార్‌గంజ్ కూడికలో నీ పాటే పాడిద్దాం సునీతా. కానీ గిటార్ ఇలగే కూసిందనుకో, కీబోర్డుతో కానిచ్చేద్దాం."
నేను కట్టిన మొదటి పాట. గిటార్ మీదే పుట్టింది. కీబోర్డు మీద వినాలంటే... వద్దు, ఆ మాటే వద్దు. మూడు వారాలుంది.

ఫిబ్రవరి 6
పార్సెల్ వచ్చింది. మా దీవికి ఓడలో వచ్చిందో విమానంలో వచ్చిందో, మొత్తానికి వచ్చింది. ప్రీఆంప్ పెడల్ — గిటార్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే అరచేతంత పెట్టె. బేస్, మిడ్, ట్రెబుల్, నాలుగోది కూతను కోసేసే నాబ్. అన్నం చల్లారిపోయింది. తిప్పుతూనే కూర్చున్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం
ఎంత బాగా మోగిందో. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా చివరి వరస దాకా వెళ్లింది. సౌండ్ చూసే రాజారావు అంకుల్ మిక్సర్ దగ్గర నుంచి తల ఊపారు. పెడల్ చర్చి బీరువాలోనే పెట్టి వచ్చాను, మైకుల పక్కన.

ఫిబ్రవరి 13
ప్రాక్టీసు. కథ మళ్లీ మొదటికొచ్చింది. నాబ్‌లన్నీ కిందికి తిరిగి ఉన్నాయి — మైకు వైర్లు తగిలి ఉంటాయి. గుర్తున్నంత వరకు పెట్టాను. రేకు డబ్బా మీద గరిటె మోత. తీగలు మార్చాను. ఏం లాభం లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం
దొంగ దొరికాడు.
ఆరాధన అయ్యాక గొడుగు మర్చిపోయి వెనక్కి వెళ్లాను. అంకుల్ బీరువా ముందు కూర్చుని నా పెడల్‌ని గుడ్డతో తుడిచి, ఒక్కో నాబ్‌నీ సున్నాకి తిప్పుతున్నారు. ఎంత ప్రేమగా తిప్పుతున్నారంటే, అరవబోయి నోరు మూసుకున్నాను.
"ఏం చేస్తున్నారంకుల్?"
"ఏటమ్మా, మిషన్ వదిలీసినప్పుడు అన్నీ జీరోలో ఎట్టాల గదా. చాతం రంపం మిల్లులో ఉన్నన్నాళ్లూ అదే పని. నేకపోతే రేపు ఆన్ సేసినోడి సెయ్యి పోద్ది."
నా పెట్టె ఎవరి చెయ్యీ తియ్యదన్నాను. పెడల్‌ని ఒకసారి తిరగేసి చూశారు.
"ఠీక్ హై బేటీ. ఏది ఎక్కడుండాలో గుర్తెట్టీ."
పక్కనే ఆయన ఇల్లు. మనవరాలి ఎర్ర నెయిల్ పాలిష్ తెచ్చి నాబ్‌ల పక్కన నాచేత నాలుగు చుక్కలు పెట్టించుకున్నారు. మిక్సర్‌లో నా గిటార్ లైన్ ఎంతలో ఉండాలో కాగితం మీద రాసుకున్నారు. సున్నాకి తిప్పడం మాత్రం మానరట. తిప్పుతారు, మళ్లీ వచ్చి చుక్కకి తెస్తారు.

ఫిబ్రవరి 20
ప్రాక్టీసు. నేను వెళ్లేసరికే నాలుగూ చుక్కల మీద ఉన్నాయి. బంగారంలా మోగింది.

ఫిబ్రవరి 22, శనివారం
బాంబూఫ్లాట్‌లో ఇంటి ప్రార్థన. చాతంలో ఫెర్రీ ఎక్కాం, పెడల్ అంకుల్ ఒళ్లో. అక్కడ వేరే స్పీకరు, పైన రేకుల కప్పు. భయపడ్డాను. నాలుగో నాబ్ కాస్త జరపాల్సి వచ్చింది, అంతే. అదే గిటార్. డాలీగంజ్ గిటారే నీళ్లు దాటి వచ్చింది. తిరుగు ఫెర్రీలో సంతోషం పట్టలేక పాటంతా పాడేశాను. ఎవరో... "దీదీ, ఏక్ ఔర్." ఇంకొకటట!

ఫిబ్రవరి 23, ఆదివారం
ఫెరార్‌గంజ్. కూయలేదు. కూయలేదు. కూయలేదు.
నా పాట, నా గిటార్. పల్లవి రెండోసారికే ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు అందుకున్నాయి. పాస్టర్ గారు కీబోర్డు మాటే ఎత్తలేదు. "వచ్చే నెల కూడా ఇదే పాడు" అన్నారు. అంకుల్ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత పెడల్ తుడిచారు.

ఫిబ్రవరి 24
అంకుల్ గురువారం ప్రాక్టీసు, బాంబూఫ్లాట్, ఫెరార్‌గంజ్ — మూడూ ఫోన్లో రికార్డు చేశారట. ఈ రోజు పంపారు. వరసగా విన్నాను. మూడు చోట్లా ఒకటే గిటార్, నిజంగా. కళ్లు మూసుకుంటే ఏది ఎక్కడో చెప్పలేను.
అందుకే ఆ తప్పు వినిపించింది. రెండో చరణంలోకి వెళ్తూ తాళం మించి పరుగెత్తుతున్నాను. మూడు చోట్లా, సరిగ్గా అదే చోట. ఇన్నాళ్లూ ఆ కూతల్లో, ఆ మోతల్లో నాకే తెలియలేదు. ఇక తిట్టడానికి ఎవరూ లేరు, నా చెయ్యి తప్ప.
ఒక్కదాన్నే కూర్చుని నవ్వుతున్నాను. గిటార్ ఒళ్లోకి తీసుకున్నాను. రెండో చరణం... నెమ్మదిగా... ఇంకా నెమ్మదిగా —
మళ్లీ పరుగెత్తాను.