ఆపు, ఇంక కదపకు

కాపర్‌హెడ్ వాగు, కెంటకీ
నవంబరు, దుప్పుల వేట మొదలైన రెండో వారం

అమ్మకు,

నీ కూతురు కెండ్రా రాస్తున్నది. ఇక్కడ అమ్మమ్మా నేనూ క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. ఇద్దరం ఊపిరితో ఉన్నాం, రెండు పూటలా తింటున్నాం. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

ఎప్పుడూ మన ఉత్తరాలు చేరవేసే లొరేటా, ఇది నీ చేతికిచ్చి, కారు ఇంజను ఆపకుండా బయటే కూర్చుని ఉంటుంది. లోపలికి పిలవకు, కాఫీ పెట్టకు. నువ్వు కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని, సంచి ఒళ్లో పెట్టుకుని చదువు. ఎందుకో చివర్లో చెప్తాను. ముందే చెప్తే మిగతాది చదవవు, నీ సంగతి నాకు తెలుసు. ఆ మిగతాది నీకు నా నోటనే తెలియాలి. చర్చి మెట్ల మీద ఎవరో చెప్పగా వినకూడదు.

పోయిన ఉత్తరంలో అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను.

అమ్మమ్మ బీపీ బిళ్లలు వేసుకుంటోంది. మజ్జిగతో మింగుతోంది, డాక్టరు వద్దన్నాడని చెప్తే వినదు. పోయిన వారం మొదట్లో షెడ్డులో దుప్పిని తలకిందులుగా వేలాడదీసి ఒక్కతే చర్మం ఒలిచింది. మోచేతుల దాకా నెత్తురు. మెడ దగ్గర కత్తి మొరాయిస్తే ఒక్క క్షణం కళ్లు మూసుకుని, మళ్లీ గట్టిగా నొక్కింది. "డెంజిల్ మెడ అనుకున్నానే. వెన్నలా దిగింది," అంది. నీ రెండో మొగుడి పేరు ఈ ఇంట్లో ఇలాంటి పనులకే వాడుతున్నాం.

బడిలో ఉద్యోగం ఇంకా తేలలేదు. ప్రిన్సిపాల్ నా డిగ్రీ చూసి, "ఇంత చదువుకుని మళ్లీ ఈ లోయలోకి ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్న రోజూ గిన్నెలు కడుగుతూ నేనూ వేసుకుంటున్నాను. అమ్మమ్మని ఒక్కదాన్నే వదల్లేక అని చెప్పుకుంటున్నాను. కొండ మీది రోడ్డులో ఏదైనా బస్సు మలుపు తిరిగితే మాత్రం దాని చప్పుడు పోయేదాకా వింటాను.

టీవీ పనిచేస్తోందా అన్నావు. అతను వచ్చాడా అని కూడా అడిగావు. ఈ రెండింటికీ జవాబు ఒకటే, అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను.

వేట మొదలైన రోజు నుంచి కొండల్లో తుపాకులు పేలుతూనే ఉన్నాయి. ఎవరూ తలెత్తి చూడరు. అలాంటి ఒక పేలుడుకి మన వసారా కప్పు మీద రేకు గణగణమంది, టీవీలో బొమ్మ పోయింది. ఎవడో తాగుబోతు వేటగాడి గురి తప్పిందనుకున్నాం. అమ్మమ్మ వాడి ఏడు తరాలనీ తిట్టింది. శనివారం కుస్తీ పోటీ ఉంది మరి. చర్చిలో పాదిరిని వదులుకుంటుందిగానీ, ఒకడు ఇంకొకణ్ణి కుర్చీతో వీపు మీద బాదడం వదులుకోదు.

శనివారం మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని నేనే ఎక్కాను. డిష్‌కి గుండు తగిలి చిల్లు పడింది. చిల్లుతో పెద్ద నష్టం లేదు, కానీ దెబ్బకి డిష్ పక్కకి తిరిగిపోయింది. డెంజిల్ కట్టిన ఆ కట్టుబడి నీకు గుర్తుందిగా. బోల్టులు దిగ్గొడితే కప్పు కారుతుందని, పాత లారీ చక్రానికి ఇనప గొట్టం వెల్డింగు చేసి, దాని మీద డిష్ బిగించి, చక్రాన్ని వసారా కప్పు మీద పడుకోబెట్టాడు. జారకుండా పై వైపు నుంచి తీగలతో కట్టాడు. నలుగురు మగాళ్లు చచ్చీ చెడీ పైకెక్కించారు దాన్ని.

నేను చదువుకున్నదాన్ని కదా, దిక్సూచి తీసుకెళ్లాను. చక్రం పక్కనే పెట్టి, నైరుతి చూసుకుని, డిష్ తిప్పి, బిగించి, కేక వేశాను.

"అమ్మమ్మా, సిగ్నల్ ఎంత?"

"సున్నా!" కిటికీలోంచి.

"ఇప్పుడు?"

"సున్నాయే! ఎక్కడ చూపిస్తున్నావే దాన్ని, కోళ్ల గూటికా?"

చాలాసేపటికి అర్థమైంది. అంత ఇనుము పక్కన పెడితే దిక్సూచి ముల్లు ఉత్తరాన్ని వదిలేసి చక్రం వైపే తిరుగుతుంది. ఈ ఇంట్లో మనమూ కొన్నేళ్లు అలాగే బతికాం అమ్మా. లోకంలో ఉత్తరం ఒకటుందని మరిచిపోయి, పక్కనున్న ఇనుము ఎటు తిరిగితే అటు.

దిక్సూచి జేబులో పడేసి పాత పద్ధతిలోకి దిగాను. పైన ఒకళ్లు వేలు వెడల్పు తిప్పడం, ఆగడం. కింద టీవీ ముందు ఒకళ్లు అంకె చూసి అరవడం. నువ్వూ డెంజిలూ ఇలాగే చేసేవాళ్లు. నువ్వు అంకె ఆలస్యంగా చెప్పావని అతను పై నుంచి పానా విసిరిన రోజు కూడా నాకు గుర్తుంది. అది నీ ముంజేతికి తగిలింది. ఆస్పత్రిలో మెట్ల మీంచి పడ్డానని చెప్పావు.

"ఇరవై రెండు!" అంది అమ్మమ్మ. "నలభై! ఒసేయ్, అటే, అటే! యాభై తొమ్మిది! పోయింది, వెనక్కి రా! డెబ్బై ఆరు! ఆపు! ఇంక కదపకు!"

ఆ కేక ఈ లోయలో ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. 'ఆపు, ఇంక కదపకు' అంటే పని అయిపోయినట్టు, బొమ్మ వచ్చినట్టు. నేను పానాతో బోల్టు బిగిస్తున్నాను. కింద కుక్క తోక నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. అమ్మమ్మ మాంసం ముక్క పడేసిందనుకున్నాను.

"నూట యాభై!" అంది అమ్మమ్మ.

నవ్వొచ్చింది. ఆ పెట్టెలో అంకె వందతో ఆఖరు. "చానల్ నంబరు చదువుతున్నావా అమ్మమ్మా? కళ్లజోడు పెట్టుకో!"

"రెండొందలు, కెండ్రా జేన్! రెండొందలు!"

ఆమె నన్ను పూర్తి పేరుతో పిలిచింది ఇదివరకు ఒక్కసారే, నాన్న శవపేటిక దించేటప్పుడు. కప్పు అంచు నుంచి తొంగి చూస్తే వాగు అవతల అతని ట్రక్కు ఉంది. ఇంజను చప్పుడు వినబడకూడదని అక్కడే ఆపి నడిచొచ్చాడు. కుక్క మొరగలేదు. ఆరేళ్లు అతని చేతి కూడు తిన్నది, ఎందుకు మొరుగుతుంది?

నేను చూస్తూండగానే నిచ్చెన కప్పు అంచునుంచి వెనక్కి జరిగి పెరట్లో పడింది.

"ఏమే కాలేజీ," అన్నాడు కింద నుంచి. "నేను కట్టిన డిష్ నీకు మాట వింటోందా?"

"కాల్చింది నువ్వేనా?"

"ఎవరో ఒకరు కప్పెక్కాలి కదా మరి. ముసల్దానికి మోకాళ్లు వంగవు, నువ్వే ఎక్కుతావనుకున్నా. ఎక్కావు."

లోపలికి వెళ్లాడు. తర్వాత జరిగింది నాకు కనబడలేదు, వినబడింది. అది ఎక్కువ కష్టం.

"మా ఆవిడ ఎక్కడ అత్తా?"

"నీ ఆవిడ అనకురా. దాన్ని మనిషి అను ముందు."

కుర్చీ పడింది. బొగ్గుల పొయ్యి తలుపు తెరిచిన చప్పుడు. "ఆఖరిసారి అడుగుతున్నా అత్తా." తర్వాత అమ్మమ్మ అరిచింది. ఆమె గొంతులో ఆ శబ్దం ఉందని నాకు తెలియదు. పొయ్యి మీది ఇనప పలక మీద ఆమె అరచెయ్యి అదిమాడు. కాలిన వాసన పొగ గొట్టంలోంచి నా దగ్గరికి వచ్చింది. దుప్పి కొవ్వు కాలినప్పటిలాగే ఉంది. అది నేను ఎప్పటికీ మరిచిపోలేను.

ఆమె చెప్పలేదు. ఆమెకు తెలియదు కూడా. నువ్వు దాక్కున్న ఊరు ఈ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. అతనికి ఆ సంగతి తెలియదు.

నేను చక్రం పై వైపుకి పాకి తీగలు విప్పడం మొదలెట్టాను. బొమ్మ రావడానికి అంతసేపు పట్టింది. తీగలు ఊడడానికి అట్టే సేపు పట్టలేదు. ఒక్కటి మిగిల్చాను.

"డెంజిల్! ఆమెకు తెలీదు! నాకు తెలుసు!"

అతని బూట్ల చప్పుడు కిటికీ దగ్గరికి వచ్చింది.

"అయితే చెప్పు!"

"బయటికి రా! అరిస్తే వాగు పొడుగునా అందరూ వింటారు!"

వచ్చాడు. వసారా మెట్లు దిగి, తిరిగి, తలెత్తాడు. చేతిలో పిస్తోలు, వేలికి అంటుకుని అమ్మమ్మ కాలిన చర్మం. సరిగ్గా చక్రం కిందకి రాలేదు, ఇంకొక అడుగు దూరంలో ఉన్నాడు.

"చెప్పు. లేకపోతే మళ్లీ లోపలికెళ్తా. రెండో చెయ్యి ఉంది ఇంకా."

షెరీఫు మనిషికి నేను చెప్పింది ఇదీ: డిష్ సరిచేస్తుంటే తీగ తెగి జారింది, అతను కింద ఉన్నాడు, మీద పడింది, పడ్డప్పుడు దవడ విరిగింది. షెరీఫు మనిషి కప్పెక్కి తీగ చూశాడు. తుప్పు పట్టని తీగ, కొన విప్పి ఉంది. దాన్ని వేలికి చుట్టుకుంటూ, "ఈ లోయ తేమకి ఇనుము ఆగదు," అని జేబులో వేసుకున్నాడు. నీ ముంజేయి విరిగిన రోజు వచ్చింది కూడా అతనే. నీ మెట్ల కథ రాసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు కూడా మన కళ్లలోకి చూడలేదు.

అమ్మా, నీకు మాత్రం జరిగిందే చెప్తాను.

అతను ఇంకొక అడుగు ముందుకు రావాలి. దానికి ఏదో ఒక ఊరు చెప్పాలి. నేను భూగోళం చదువుకున్నాను. అమెరికాలో ఎన్ని ఊళ్లున్నాయి! ఏదైనా ఒక్క అబద్ధం చాలు. నోరు తెరిచాను. కింద అమ్మమ్మ మూలుగుతోంది. నా నోట్లోంచి నీ ఊరే వచ్చింది.

అవును, నీ ఊరి పేరే. నిజంగా నువ్వున్న ఊరు, వీధితో సహా.

అతను నవ్వాడు. బాగా వినపడాలని ఒక అడుగు ముందుకొచ్చి, "ఏమిటీ, మళ్లీ చెప్పు," అన్నాడు. ఆఖరి తీగ వదిలి రెండు కాళ్లతో చక్రాన్ని తన్నాను.

భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు పై దాకా వినబడింది. పిస్తోలు మెట్ల కిందకి దొర్లింది. నేను పై నుంచి దూకి, పానాతో అతని దగ్గరికి పరిగెత్తాను. చక్రం కింద వెల్లకిలా ఉన్నాడు. నోటి నిండా నెత్తురు. ఆ నెత్తుట్లోనే ఒక మాట తిప్పుతున్నాడు. వంగి విన్నాను. నీ ఊరి పేరు. మరిచిపోకుండా వల్లె వేసుకుంటున్నాడు.

పానాతో నోటి మీద కొట్టాను. దవడ అప్పుడు విరిగింది, పడ్డప్పుడు కాదు.

మళ్లీ ఎత్తాను. ఈసారి నుదురు చూసుకున్నాను. చెయ్యి వణకలేదు అమ్మా. వణికిందని రాయాలనిపిస్తోందిగానీ వణకలేదు. దుప్పి మెడ మీద అమ్మమ్మ చెయ్యి ఎంత నిలకడగా ఉందో నా చెయ్యీ అంతే నిలకడగా ఉంది.

"ఆపు!"

కిటికీలో అమ్మమ్మ. కాలిన చెయ్యి గాల్లోకి ఎత్తి పట్టుకుని ఉంది. వెనకాల టీవీలో కుస్తీ లేదు, వట్టి నీలం తెర.

"ఆపవే! ఇంక కదపకు!"

ఈ కేకకి ఆగడం చిన్నప్పటి నుంచి అలవాటు. పానా అలాగే పైన ఆగిపోయింది. అతను బతికాడు. ఆపినందుకు అమ్మమ్మ మీద నాకు ఇంకా కోపంగానే ఉంది. అయినా రోజూ ఆమె చేతికి కట్టు నేనే మారుస్తున్నాను.

అతను లెక్సింగ్టన్ ఆస్పత్రిలో ఉన్నాడు, మంచానికి బేడీ వేసి. దవడకి తీగలు బిగించారు, నోరు తెరవలేడు. భుజం పోయింది, అదీ కుడి భుజమే. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడని ఆస్పత్రిలో పనిచేసే మన చర్చి పిల్ల చెప్పింది. రోజూ అతని తమ్ముడు వచ్చి పక్కన కూర్చుంటున్నాడట, కాగితం పట్టుకుని. నిన్నటిదాకా గీతలే పడ్డాయట. ఈ రోజు అక్షరాల్లా కనిపిస్తున్నాయట.

అందుకే కోటు వేసుకోమన్నాను.

లొరేటా నిన్ను బస్సుల దగ్గర దింపి, వెనక్కి చూడకుండా వచ్చేస్తుంది. ఏ బస్సు ఎక్కావో చూడొద్దని బైబిల్ మీద ఒట్టు వేయించాను. ఎక్కడికి వెళ్లావో నాకు రాయకు అమ్మా. లొరేటా చేత కూడా చెప్పించకు. నాకు తెలిస్తే నా నోటికి తెలుస్తుంది. నా నోరు ఎలాంటిదో నాకిప్పుడు తెలుసు.

డిష్ నొక్కుకుపోయిందిగానీ, అమ్మమ్మ పట్టుబట్టి మళ్లీ పైకెక్కించింది. ముప్పై నాలుగు కంటే ఎక్కువ రావడం లేదు, బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోంది. "చాల్లే, కొట్టుకుంటున్నట్టు తెలుస్తోందిగా," అంటుంది. నేను ప్రతి శనివారం ఎక్కి వేలు వెడల్పు తిప్పి చూస్తూనే ఉంటాను. నువ్వు ఎటున్నావో తెలియకపోయినా, ఎటో ఒక వైపు తిప్పకుండా ఉండలేను.

అమ్మమ్మ నాతో 'కదపకు' అంది. నేను నీతో 'కదులు' అంటున్నాను. ఉత్తరం పొయ్యిలో వేసి, బయటికి నడు. ఇంజను ఆగలేదు.

ఇట్లు,
ఇక మీదట నీ ఊరు తెలియని నీ కూతురు
కెండ్రా