మోటారుకు పలుపు

అన్నా,

పొద్దున మంచు కమ్మి ఉంది. ఇప్పపూలు ఏరేవాళ్ల మాటలు వినబడ్డాయి గాని మనుషులు కనబడలేదు. రెండు గంపలు నింపుకుని ఇంటికొస్తే, నీ మోటారు బండి కొన్న దంతెవాడ సేఠు వాకిట్లో ఉన్నాడు.

నువ్వు చనిపోయి ఏడాది దాటింది. మనింట్లో బండి నడిపేవాళ్లు లేరు. మొన్న జగదల్‌పూర్‌లో రాజుగారి సర్కారు కచేరీకి పోయాం. బండి కాగితం మీద నీ పేరు కొట్టేసి వదిన పేరు రాశారు. ఆమె వేలిముద్ర వేశాక, కింద సేఠు పేరు రాశారు.

తీరా బండి లేపబోతే, ముందు పెట్టి తిప్పే ఇనుప హ్యాండిలు లేదు. వదిన గాదె వెనుక దాచిందట.

"ఏంది వదినా, అది తిప్పకుంటే బండి లేవదు."

"ఎద్దును అమ్మితే పలుపు ఇస్తమా? ఇస్తే ఇంటి అచ్చుబాటు దానెంబడే పోతది."

సేఠు నవ్వాడు. "తోక మెలేస్తేనే గదమ్మా ఎద్దు లేచేది! దీనికి తోక అదే."

వదిన గాదె వెనక్కి పోయి హ్యాండిలు తెచ్చింది. పిడికి నువ్వు చుట్టిన పాత తలగుడ్డ ముక్కను విప్పి, ఎడ్ల పలుపులు వేలాడే మేకుకు తగిలించింది. ఉత్త ఇనుము సేఠు చేతికిచ్చింది.

బండి మంచులో కలిసిపోయింది. చప్పుడు మాత్రం వాగు దాకా పోయి, మళ్లీ దగ్గరికి వస్తున్నట్టు వినబడింది.

"ఇటే వస్తన్నట్టుంది," అంది వదిన.

బండి తిరిగి రాలేదు. పొద్దు బారెడెక్కకముందే సేఠు దంతెవాడ చేరాడట.